రాజు లేని నాలుగు రోజులు

వెస్ట్‌మినిస్టర్
అక్టోబరు 13, పునీత ఎడ్వర్డ్ పండుగ

అక్క సబీనాకు,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. ఎన్నిసార్లు చదివినా అన్న పోయాడన్న ముక్క బుర్రకెక్కడం లేదు. హామో అన్న పోవడమేమిటి అక్కా! మొన్న కోతల రోజుల్లోనేగా నా వీపు మీద ఒక్కటిచ్చి, "రాజుగారి కచేరీలో కూర్చుని కూర్చుని మెత్తబడిపోయావురా" అని నవ్వాడు.

ఇవాళ ఇక్కడ పెద్ద పండుగ. ఈ పండుగంటే మన హెన్రీ రాజుగారికి ప్రాణం. ఊరంతా కొవ్వొత్తులు, ఊరేగింపులు. నేను మాత్రం కచేరీలో బల్ల ముందు కూర్చుని ఎవరో దొరకి రాయవలసిన ఆజ్ఞ మూడుసార్లు తప్పు రాశాను. పైగుమాస్తా తిట్టాడు. తిట్టనీ అనుకున్నాను.

అన్నను మలుగు చేపలు పొడిచే శూలంతో పొడిచి చంపిన ఆ ఓడో గాడు నీ చర్చిలోనే దూరాడని రాశావు. చర్చి తాళంచెవులు నీ నడుముకే కదా ఉండేది! అక్కా, వాడికి రొట్టె ఎవరు పెడుతున్నారు? నువ్వేనా? నాన్న పోయాక మనిద్దరికీ రొట్టె పెట్టిన చెయ్యి ఎవరిదో మరిచిపోయావా? నాకు ఏడేళ్ళప్పుడు వరదలో మట్టికట్ట తెగిపోతే, నన్ను భుజాల మీద ఎక్కించుకుని, నడుం లోతు నీళ్ళలో ఈలీ ఊరి బడి దాకా నడిచింది ఎవరు?

మఠం పెద్దమ్మగారితో చెప్పి వాణ్ణి గెంటించు. గెంటించలేకపోతే తలుపు తీసిపెట్టి పక్కకి తప్పుకో, చాలు. వాడు ఆ గడప ఎప్పుడు దాటినా నా చేతిలోనే చస్తాడు. ఈ మాట రాసిపెట్టుకో.

వారిన్

*

స్వాన్‌మియర్ మఠం
అక్టోబరు 19, పునీత లూకా పండుగ మరునాడు

తమ్ముడు వారిన్‌కు,

రాసిపెట్టుకోమన్నావు. రాసిపెట్టుకోను. నీ ఉత్తరం పెద్దమ్మగారికి చూపించలేదు కూడా. చూపిస్తే నీకు ఈ మఠం వాకిలి తొక్కే యోగం ఉండదు.

గెంటడానికి అదేమన్నా నా వంటిల్లా? శరణు జొచ్చినవాణ్ణి నలభై రోజులు ముట్టుకునే హక్కు రాజుగారికే లేదు, నీకెక్కడిది? రాజుగారి కచేరీలో పనిచేసేవాడివి, ఆ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. ఓడో వచ్చింది ఈ నెల తొమ్మిదిన. నవంబరు పదిహేడుతో గడువు సరి. ఈలోగా విచారణాధికారి ముందు నేరం ఒప్పుకుని, ఈ దేశం విడిచిపోతానని ప్రమాణం చేస్తే, ఆయన చెప్పిన రేవుకి, ఆయన చెప్పిన దారినే నడిచి వెళ్ళాలి. గోనెగుడ్డ కట్టుకుని, చెప్పులు లేకుండా, చేతిలో కొయ్య శిలువ పట్టుకుని. దారి దిగనంతకాలం రాజుగారి రక్ష ఉంటుంది. దిగాడా, ఎవడైనా నరికేయొచ్చు.

చర్చి చుట్టూ ఊరివాళ్ళు వంతులవారీగా కాపలా కాస్తున్నారు. "పంది కోసే రోజుల్లో ఈ కాపలా ఏమిటమ్మా, వాడు పారిపోతే మాకు జరిమానా, పారిపోకపోతే మాకు చలి" అని నాతో మొత్తుకుంటున్నారు. వాడు బలిపీఠం పక్కన గోడ వార కూర్చుని రెల్లుతో మలుగుల బుట్టలు అల్లుతున్నాడు. చేతులు ఊరుకోవట. చర్చి అంతా బురద వాసనగా ఉందని పెద్దమ్మగారు రోజూ నన్ను సాధిస్తున్నారు. రొట్టె నేనే పెడుతున్నాను. అడిగావు కాబట్టి చెబుతున్నాను.

గొడవ దేనికని అడగలేదు నువ్వు. వలల దగ్గర మొదలైంది. దొరగారి పెత్తందారుగా అన్న వలలు లాక్కోవడం, మలుగులు పట్టేవాళ్ళు అడ్డుపడడం ఏటా ఉండేదే. ఓడో తల్లి కూడా అదే రోజు పొద్దున పోయింది. జ్వరం అన్నారు. ఇంతకంటే ఇప్పుడు రాయలేను.

అన్నను నాన్న పక్కనే పెట్టాం. నువ్వు రాకు. ఈ కోపంతో అసలు రాకు. అక్కడే ఉండి అన్న ఆత్మ కోసం ప్రార్థన చెయ్యి.

సబీనా

*

వెస్ట్‌మినిస్టర్
అక్టోబరు 28, పునీత సీమోను యూదాల పండుగ

ప్రియమైన అక్కకు,

మొదటి ఉత్తరానికి నన్ను మన్నించు. దుఃఖంలో నోటికొచ్చింది రాశాను. వారం రోజులుగా పొద్దున్నే ఇక్కడి అబ్బేలో పూజకి వెళుతున్నాను. ఒక ముసలి పాదిరిగారు నన్ను కూర్చోబెట్టి ఎంతో ఓపిగ్గా మాట్లాడారు. ఆయన దగ్గర ఏడ్చేశాక మనసు తేలికపడింది. అక్కా, ఓడోను క్షమించాను. మనస్ఫూర్తిగా రాస్తున్నాను. ఈ ఉత్తరం వాడికి చదివి వినిపించు. హామో తమ్ముడు వారిన్ నిన్ను క్షమించాడని చెప్పు.

క్షమించాక వాడి మంచి కూడా చూడాలి కదా. రెండు మాటలు చెబుతాను, పెద్దమ్మగారి చెవిన వెయ్యి.

ఒకటి, వాణ్ణి తొందరపెట్టి ప్రమాణం చేయించకండి. నలభై రోజులూ ప్రార్థనలో గడపనివ్వండి. ఆఖరి రోజున చేస్తే చాలు.

రెండు, విచారణాధికారి మీకు దగ్గరని లిన్ రేవు చెబుతాడేమో. వద్దనండి. చలికాలం లిన్‌లో పడవలు దొరకవు. దొరికేదాకా రోజూ మోకాలి లోతు సముద్రంలోకి దిగి దాటించండి, దాటించండి అని అరుస్తూ నిలబడాలి. ఆ నీళ్ళలో వాడు చస్తాడు. డోవర్ అయితే ఎప్పుడూ పడవలే. పెద్దమ్మగారు అడిగితే ఆయన కాదనడు. హాల్‌ఫోర్డ్ దగ్గర ఏటి రేవు దాటి వెళ్ళే దారి మంచిది, సత్రాలు కూడా ఉన్నాయి.

రాజుగారు కులాసా. ఇక్కడ విశేషాలేమీ లేవు. నువ్వు చలికి జాగ్రత్త. దగ్గు తగ్గిందా?

నీ తమ్ముడు,
వారిన్

*

స్వాన్‌మియర్
నవంబరు 3, ఆత్మల పండుగ మరునాడు

నా బంగారు తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి ఎంత ఏడ్చానో! నేను ఏడ్చేదాన్ని కాదని నీకు తెలుసు. సిస్టర్లంతా ఏమైందో అని పరుగెత్తుకొచ్చారు. పెద్దమ్మగారికి చూపిస్తే ఆవిడ కూడా కళ్ళు ఒత్తుకున్నారు. "కచేరీలో పనిచేసేవాళ్ళలో కూడా క్రైస్తవులు ఉన్నారన్నమాట" అన్నారు. అది ఆవిడ మెచ్చుకోలు.

ఓడోకు చదివి వినిపించాను. మొదట నమ్మలేదు. "మళ్ళీ చదవండమ్మా" అన్నాడు. మళ్ళీ చదివాను. గోడవైపు తిరిగి కూర్చున్నాడు. తర్వాత, "ఆ కాగితం నేను ఉంచుకోవచ్చా?" అని అడిగాడు. "నీకు చదవడం రాదుగా" అంటే, "రాదు. ఉంటే ధైర్యం" అన్నాడు. ఇచ్చేశాను. చొక్కా లోపల దాచుకున్నాడు.

నువ్వు చెప్పినట్టే పెద్దమ్మగారు విచారణాధికారికి కబురు పంపారు. పదిహేడున వస్తానన్నాడు. డోవర్ అని రాసేసుకున్నాడు.

అంతా రాసి మడిచాక మళ్ళీ విప్పి ఈ నాలుగు ముక్కలు చేరుస్తున్నాను. లండన్ నుంచి వస్తున్న సన్యాసి ఒకాయన ఇందాక మా దగ్గర గంజి తాగాడు. రాజుగారికి ఒంట్లో బాగా లేదని, వైద్యులు గది విడవడం లేదని, నెల రోజులుగా అక్కడ అందరూ ఇదే చెప్పుకుంటున్నారని అన్నాడు. నువ్వేమో కులాసా అని రాశావు. ఆ గోడల మధ్యే తిరిగేవాడివి, నీకు తెలియకుండా ఉంటుందా?

నాకు నాయనమ్మ మాటలు గుర్తొచ్చాయి. ఈ రాజుగారి తండ్రి పోయినప్పుడు ఈయన తొమ్మిదేళ్ళ పసివాడు. పట్టాభిషేకం జరిగేదాకా పది రోజులు దేశంలో రాజే లేడు. ఆ పది రోజుల్లో మా ఊరి మర తగలబెట్టారు, ఇద్దర్ని చంపారు, తర్వాత అడిగిన నాథుడు లేడు అని చెప్పేది. రాజు రక్ష రాజుతోనే పోతుందట. కొత్త రాజు కిరీటం పెట్టుకున్నాకే మళ్ళీ వస్తుందట.

వారిన్, ఆఖరి రోజున పంపమన్నావు. దూరపు రేవు చెప్పమన్నావు. నేను పిచ్చిదాన్నయి ఏవేవో ఊహిస్తున్నానా? అలా కాదని ఒక్క ముక్క రాయి. నీ మాట నమ్ముతాను.

సబీనా

*

స్వాన్‌మియర్
నవంబరు 12

వారిన్‌కు,

తొమ్మిది రోజులు చూశాను. జవాబు లేదు. కట్ట మీద నీళ్ళు వచ్చి కబుర్లు ఆలస్యమవుతున్నాయని సరిపెట్టుకుంటున్నాను. పెద్దమ్మగారిని డోవర్ బదులు లిన్ చెప్పించమని అడిగాను. "నీ తమ్ముడేగా డోవర్ అన్నది! పూటకో మాట చెప్పడానికి ఆ అధికారి మా పాలేరా?" అని కసిరారు. కారణం చెప్పమన్నారు. నా అనుమానం ఏ నోటితో చెప్పను? క్షమించినవాడి మీద అనుమానపడడం నాకే సిగ్గుగా ఉంది.

పదిహేను లోపల ఒక్క ముక్క రాయి. నీకు దణ్ణం పెడతాను.

సబీనా

*

వెస్ట్‌మినిస్టర్
నవంబరు 17, పొద్దున

అక్కకు,

రాజుగారు పోయారు. నిన్న పునీత ఎడ్మండ్ పండుగ నాడు. గంటలు మోగుతూనే ఉన్నాయి. పక్కనే లండన్ జనం మేయరు ఎవరన్న గొడవ మీద వీధుల్లోకి వచ్చి అరుస్తున్నారు. ఇక్కడ గుమాస్తాలంతా బల్లల దగ్గర ఏం రాయాలో, ఎవరి పేరున రాయాలో తెలియక చేతులు కట్టుకుని కూర్చున్నారు. యాభై ఆరేళ్ళు ఒక్క పేరు మీదే రాశారు మరి. అసలు కిరీటం పోతే తల్లి నగను తలకు పెట్టి ఆయనకి తొమ్మిదేళ్ళప్పుడు పట్టం కట్టారట. ఆయన లేని ఇంగ్లండు ఎలా ఉంటుందో చూసినవాళ్ళు ఈ కచేరీలో ఒక్కరు లేరు.

నీ ఉత్తరాలు రెండూ అందాయి. కావాలనే జవాబు రాయలేదు. ఇవాళ రాస్తున్నది ఎందుకంటే, ఇది నీకు చేరేసరికి వాడు ప్రమాణం చేసి దారిన పడి ఉంటాడు. ఇక ఎవరూ వెనక్కి పిలవలేరు.

నీ అనుమానం నిజం. నాయనమ్మ చెప్పిందీ నిజం. యువరాజు పుణ్యయుద్ధానికని సముద్రాలు దాటి వెళ్ళాడు. కబురు అందడానికే నెలలు పడుతుంది, వచ్చి కిరీటం పెట్టుకోవడానికి ఏడాదో రెండేళ్ళో. అంతవరకూ ఈ దేశంలో రాజు రక్ష అన్నది లేదు. వాడి చేతిలో శిలువ ఉంటుందేమో గాని దాని వెనక ఎవరూ లేరు. రాజు రక్షలో లేనివాణ్ణి చంపితే రాజుకి వ్యతిరేకంగా నేరం ఎలా అవుతుంది? రేపు కొత్త రాజు మనుషులు వచ్చి అడిగినా, ఇది రాజు లేని రోజుల్లో జరిగిందయ్యా అంటే పుస్తకం మూసేస్తారు. నేను పాత పత్రాలన్నీ తిరగేశాను. ఎప్పుడూ అలాగే జరిగింది.

నేనూ మన మేనత్త కొడుకు ఫుల్క్ బావా ఇవాళే హాల్‌ఫోర్డ్‌కి బయలుదేరుతున్నాం. సత్రంలో దిగుతాం. వాడు ఎల్లుండికి రేవు దాటాలి.

నువ్వు నన్ను తిట్టుకుంటావని తెలుసు. నీకు అబద్ధం రాసిన రోజు నాకు తిండి సయించలేదు. కానీ అక్కా, అన్న నాకు నాన్న. నిన్ను చెయ్యమన్నదేమీ లేదు. నువ్వు చెయ్యవలసింది నీకు తెలియకుండానే చేసేశావు.

వారిన్

*

స్వాన్‌మియర్
నవంబరు 19, మధ్యాహ్నం

వారిన్,

ఇప్పుడే చదివాను. పెద్దమ్మగారి కాళ్ళ మీద పడి ఆవిడ గుర్రాన్నీ, గుర్రపువాణ్ణీ పంపిస్తున్నాను. తిన్నగా హాల్‌ఫోర్డ్ సత్రానికే వస్తాడు. దేవుడి దయ వల్ల వాడు ఓడో కంటే ముందు నిన్ను చేరాలి.

నువ్వు చెప్పింది నేను విన్నాను. ఇప్పుడు నేను దాచింది నువ్వు విను.

ఓడో తల్లి జ్వరంతో పోలేదు. అన్న కొట్టాడు. వలలు లాక్కుంటుంటే ఆ ముసలిది వాటిని పట్టుకుని వదల్లేదట. పెత్తందారు కర్రతో నెత్తి మీద ఒక్కటి వేశాడు. తాగి ఉన్నాడు. తాగితే ఎలా ఉంటాడో నువ్వు చూడలేదు, నిన్ను బడికి పంపింది అందుకే. నా ఎడమ చెయ్యి తిన్నగా చాపలేనని చిన్నప్పుడు వెక్కిరించేవాడివి, చెట్టు మీంచి పడ్డానని చెప్పాను. చెట్టూ లేదు, ఏమీ లేదు.

మూడు రోజులు మూలిగి తొమ్మిదో తేదీ పొద్దున ఆమె పోయింది. శవాన్ని కడిగింది నేనే. చెవి పైన ఎముక లోపలికి పోయి ఉంది. నా వేళ్ళకి తగిలింది. ఆ మధ్యాహ్నమే ఓడో శూలం తీసుకుని అన్న దగ్గరికి వెళ్ళాడు.

మర్నాడు విచారణలో పన్నెండుమందినీ ప్రమాణం చేయించి అడిగారు. ముసలమ్మ ఎలా పోయిందని అడిగితే జ్వరం అన్నారు. దొరగారికి భయపడి అన్నారు. ఓడో చర్చి గుమ్మంలోంచి, "కడిగిన సిస్టర్‌ను అడగండయ్యా!" అని అరిచాడు. అందరూ నావైపు చూశారు. నేను తల దించుకున్నాను. మా ఇంటి పరువు, అన్న సమాధి ఇంకా తడిగా ఉంది అనుకున్నాను. నా మాట ఒక్కటి పడి ఉంటే ఓడోది పగ అని కాక తల్లి కోసం పడ్డ బాధ అని రాసుకునేవారు, ఉరి తప్పే దారి ఏదో ఉండేది. ఇంత చేసినదాన్ని వాడు ఒక్క మాట అనలేదు. రొట్టె ఇచ్చిన ప్రతిసారీ దణ్ణం పెట్టాడు.

పదిహేడున వాడు బయలుదేరాడు. కాళ్ళు అప్పటికే పగిలి ఉన్నాయి. నెమ్మదిగా నడుస్తాడు, నీకు ఇంకా సమయం ఉంది. నాయనా, వదిలెయ్యి. అన్న కోసం అయితే అన్న చేసింది విన్నావు. నా కోసం అయితే నాకు వద్దు. గుర్రం తిప్పుకుని వెనక్కి వెళ్ళిపో.

నీ అక్క

*

హాల్‌ఫోర్డ్ చర్చి
నవంబరు 24

అక్కా,

ఇక్కడి పాదిరిగారు కాగితం ఇచ్చారు. బయట తలుపు దగ్గర ఊరివాళ్ళు కాపలా ఉన్నారు. నేను లోపల ఉన్నాను. ఎందుకు ఉన్నానో నీకు అర్థమైపోయి ఉంటుంది.

పంతొమ్మిదిన వాడు రాలేదు. రోజంతా రేవు దగ్గర చూశాం. ఫుల్క్ బావ, "వాడు దారి తప్పాడు, పోదాం పదరా" అన్నాడు. నేను ఉందామన్నాను. ఇరవైన మధ్యాహ్నం కనిపించాడు. దారికి సరిగ్గా నడిమధ్యన, శిలువ రెండు చేతులా పట్టుకుని, కుంటుతూ వస్తున్నాడు. మమ్మల్ని చూసి ఆగాడు. నా ముఖంలో అన్న పోలిక కనిపెట్టినట్టున్నాడు. భయపడలేదు అక్కా. నవ్వాడు.

"వారిన్ బాబేనా? నన్ను సాగనంపడానికి ఇంతదూరం వచ్చారా?" అన్నాడు. చొక్కాలో చెయ్యిపెట్టి కాగితం తీయబోయాడు. అది ఏమిటో నాకు తెలుసు. తీస్తే చెయ్యలేనని కూడా తెలుసు. అందుకే తీయకముందే కొట్టాను.

దారి దిగాడని చెప్పుకోవచ్చు, పక్కకి లాగుదామన్నాడు బావ. వద్దన్నాను. రాజు లేడు, ఎవరికి చెప్పుకోవాలి అనుకున్నాను. అంత గర్వం నాకు. పారిపోకుండా సత్రంలోనే ఉన్నాం.

ఇరవై రెండున ఇక్కడ సంతలో చాటింపు వేశారు. రాజుగారిని ఇరవైన అబ్బేలో సమాధి చేశారట. చెయ్యగానే ప్రభువులంతా అక్కడే, ఎక్కడో సముద్రాల అవతల ఉన్న కొడుకు పేరున ప్రమాణం చేశారట. పట్టాభిషేకం కోసం ఆగలేదు! కిరీటం లేకుండానే ఆయన రాజు, ఆ రోజు నుంచే ఆయన రక్ష అమల్లో ఉంది, ఉల్లంఘించినవాడికి ఉరి అని చదివారు. అక్కా, ఇలా ఎప్పుడూ జరగలేదు. నేను పాత పత్రాలన్నీ చూశాను. ఎప్పుడూ జరగలేదు. దేశం రాజు లేకుండా ఉన్నది నాలుగు రోజులే. వాడు నేను లెక్కేసిన రోజునే వచ్చి ఉంటే నేను ఇవాళ బల్ల ముందు కూర్చుని రాసుకుంటూ ఉండేవాణ్ణి.

వాడి చొక్కాలో ఉత్తరం దొరికింది. కింద నా పేరు ఉంది. చాటింపు ముగిసేలోపే జనం కేకలు వేస్తూ సత్రం మీద పడ్డారు. బావ వెనక గుమ్మంలోంచి పారిపోయాడు. నేను ఇటు పరుగెత్తాను. నేను గుమాస్తానే గాని పాదిరిని కాను, బిషప్‌గారి కోర్టు నన్ను కాపాడదు.

ఆ రోజే పెద్దమ్మగారి మనిషి వచ్చాడు. మీ దగ్గర కట్ట తెగి రెండు రోజులు చుట్టు తిరిగాడట. నీ ఉత్తరం ఇక్కడ ఈ గోడ వార కూర్చుని చదివాను. నీ చెయ్యి సంగతి... నేను వెక్కిరించేవాణ్ణి. ఇంకేమీ రాయలేకపోతున్నాను.

ఒక్కటే అడుగుతాను. పదిహేడున రాసిన నా ఉత్తరం నీ దగ్గర ఉంది. కాల్చెయ్యి. క్షమించానన్న ఉత్తరం ఒక్కటే ఉంటే, దారిలో మాటామాటా పెరిగి జరిగిందని చెప్పుకుంటాను, పాదిరిగారు కూడా నావైపు మాట్లాడతానన్నారు. ఆ రెండోది చదివితే నాకు దేశత్యాగం కూడా దక్కదేమోనని భయంగా ఉంది. అక్కా, నాకు చావాలని లేదు.

వారిన్

*

స్వాన్‌మియర్
నవంబరు 29

నా తమ్ముడికి,

విచారణాధికారి నిన్న వచ్చాడు. ఓడో దగ్గర దొరికిన కాగితం నా ముందు పెట్టాడు. సగం నల్లగా గట్టిపడిపోయింది. "ఇది మీ తమ్ముడి రాతేనా?" అన్నాడు. అవునన్నాను. "ఇంకేమైనా రాశాడా?" అని అడిగాడు.

వారిన్, కాల్చమన్న నీ ఉత్తరం అప్పటికే నా చేతిలో ఉంది. పొద్దున పొయ్యి దగ్గరికి రెండుసార్లు వెళ్ళాను. పొయ్యి ముందు కూర్చున్నాను కూడా. కానీ ఒక అన్న కోసం నోరు మూసుకుంటే ఒక మనిషి పోయాడు. అది మూసుకోకుండా ఉంటే ఓడో ఆ దారిన నడిచేవాడే కాదు, నువ్వు ఆ రేవు దగ్గర నిలబడేవాడివే కాదు. నీ పదిహేడో తేదీ ఉత్తరం ఆయనకి ఇచ్చేశాను. ఇచ్చి, ముసలమ్మ తలలో విరిగిన ఎముక గురించి చెప్పాను. అన్న కర్ర గురించి చెప్పాను. ఆ రోజు తల దించుకున్న సంగతి చెప్పాను. ఆయన గుమాస్తా అంతా రాసుకున్నాడు. నన్ను తిట్టు. నీకు ఆ హక్కు ఉంది.

చర్చిలో ఉన్నంతకాలం దేశత్యాగం ఎవరికైనా దక్కుతుందట, ఉత్తరం ఉన్నా సరే. అడిగి ఖాయం చేసుకున్నాను. అయితే నేరం ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోవాలి. మాటామాటా పెరిగిందని చెప్పకు. కాచుకుని చంపానని చెప్పు. చెప్పగలవు, నువ్వు మంచి పిల్లాడివి.

ఇంకో సంగతి. నిన్న సాయంత్రం ఓడో తమ్ముడు మఠం గుమ్మం దగ్గరికి వచ్చాడు. నీ ఈడువాడే. చేతిలో శూలం ఉంది. "మీ తమ్ముణ్ణి ఏ రేవుకి పంపుతారటమ్మా?" అని మర్యాదగానే అడిగాడు. నాకు తెలియదన్నాను. "తెలుసుకుంటాలెండి" అన్నాడు. వాడి తల్లి ఎలా పోయిందో విచారణాధికారికి చెప్పానని, వాడు నాకు దణ్ణం కూడా పెట్టాడు. నీ మాట ఎత్తితే మాత్రం నేలకేసి చూశాడు. కొత్త రాజు రక్ష ఆ కుర్రాణ్ణి ఆపుతుందో లేదో నాకు నమ్మకం లేదు. అదే రక్ష ఆ రోజు ఓడోను కాపాడలేదుగా.

అందుకని నలభై రోజులు ఆగకు. విచారణాధికారి రాగానే ప్రమాణం చెయ్యి. ఏ రేవు చెప్పినా సరే అను. నేను రేపు పొద్దున బయలుదేరుతున్నాను. నువ్వు చర్చి గడప దాటేసరికి బయట ఉంటాను, పడవ ఎక్కేదాకా నీ పక్కనే నడుస్తాను. నీ మీద చెయ్యెత్తేవాడు ముందు నన్ను దాటాలి. పెద్దమ్మగారు ససేమిరా అన్నారు. మఠం దాటితే తిరిగి రానివ్వనన్నారు. తాళంచెవులు ఆవిడ బల్ల మీద పెట్టి వచ్చేశాను.

నీకు కట్టుకోవడానికి గోనెగుడ్డ అంగీ కుడుతున్నాను. కొలతలు తెలియక అన్న కొలతలతో కత్తిరించాను. వదులుగా ఉంటుంది, లోపల ఇంకేమైనా తొడుక్కోవచ్చు. బయట చలి చాలా ఎక్కువగా ఉంది.

అక్క